నీళ్ళ దగ్గర ఖాళీ

మా గురువుగారు కూర్మదాసు గారికి ఒక అలవాటుంది. ప్రశ్న చిన్నదైతే కూర్చున్న చోటే జవాబు చెబుతారు. పెద్దదైతే లేచి చెప్పులు వేసుకుంటారు. ఆయన చెప్పులు వేసుకున్నారంటే మాకు గుండె దడదడలాడేది. ఆ రోజు ఎక్కడికి నడుస్తామో, ఎవరి వాకిట్లో తేలుతామో ఎవరికీ తెలియదు. మనిషికి కోపం ఎందుకొస్తుందని ఒకసారి అడిగిన పాపానికి నేను మిట్టమధ్యాహ్నం దాకా బట్టీలో ఇటుకలు మోశాను. జవాబు దొరికిందనుకోండి, అది వేరే సంగతి.

చక్రపాణి గారు ప్రశ్న అడిగిన రోజున మాత్రం గురువుగారు ఒక కాలికే చెప్పు తొడుక్కుని బయల్దేరారు. అంత తొందరపడ్డారు. ఆ తొందర ఎందుకో చెబుతాను.

చక్రపాణి గారిది విజయనగరం. భూముల సర్వే ఆఫీసులో పటాలు గీసి గీసి, మూడేళ్ళ క్రితం రిటైరైన మనిషి. ఏ విషయమైనా సరే, స్కేలు పెట్టి గీతలు గీసి గడులు కడితే తప్ప ఆయనకి నమ్మకం కుదరదు. ఆశ్రమానికి వచ్చిన తొమ్మిదో రోజు పొద్దున్నే ఒక నోటుపుస్తకం తెచ్చి గురువుగారి ముందు విప్పారు. అందులో మనిషి జీవితమంతా ఎనిమిది గడులుగా ఉంది. అమ్మ ఒళ్ళో లోకాన్ని నమ్మడం నేర్చుకునే గడి. 'నేనే నడుస్తాను, చెయ్యి వదులు' అనే గడి. ఆటల గడి, బడి గడి. నేనెవరినని తనతో తనే తగువు పడే పడుచు వయసు గడి. ఇంకొకరికి మనసిచ్చే గడి, తరువాత పదిమందికి చేసి పెట్టే గడి. చిట్టచివరిది, వెనక్కి తిరిగి చూసుకుని 'పరవాలేదు, బాగానే బతికాను' అనుకునే గడి. ఎంత చక్కగా గీశారంటే, చూస్తే బతకడం ఇంత సులువా అనిపించింది నాకు. కాకపోతే ఐదో గడిలో ఒక్క అక్షరం లేదు.

“నాకు పదహారో ఏట మా నాన్నగారు పోయారు స్వామీ,” అన్నారు చక్రపాణి గారు. “కర్మకాండలు అయిన మర్నాడు మా అమ్మ బీరువా తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నా వెనక ముగ్గురు చిన్నవాళ్ళు. ఆ రోజు పట్టుకున్నవాణ్ణి ఈ రోజుదాకా పట్టుకునే ఉన్నాను. నేనెవరినో చూసుకునే వయసు నాకు రానేలేదు. ఇది ఖాళీగా ఉండగా దీని తరువాత గడులు నిండినట్టా, నిండనట్టా? పోయిన దశ మనిషికి మళ్ళీ దొరుకుతుందా? దొరకదంటే చెప్పేయండి. తిన్నగా చివరి గడికి వెళ్ళిపోతాను. నాకు కాషాయం ఇవ్వండి.”

కాషాయం ఆయన దగ్గర సిద్ధంగానే ఉంది. ఊళ్ళోనే కొనుక్కుని, మడత నలగకుండా గుడ్డసంచిలో పెట్టి తెచ్చుకున్నారు. గురువుగారు ఏ క్షణాన సరే అంటారో అని స్నానానికి వెళ్ళినా ఆ సంచి భుజాన ఉండాల్సిందే. పైగా ఆ రోజుతో ఆయనకి గడువు తీరిపోతోంది. ముందురోజు ఆయన భార్య సుగుణమ్మ గారు ఫోన్‌లో తేల్చి చెప్పేశారు. “రేపు సాయంత్రం లోపల చెప్పండి. వస్తే వస్తానని, రాకపోతే రానని. ముప్పై నాలుగేళ్ళు మీ ఇంటి బరువుతో కాపురం చేశాను. మీతో ఎప్పుడు చేస్తానో ఇప్పటికీ తెలీలేదు. ఈ ఊగిసలాట మాత్రం నా వల్ల కాదు,” అన్నారట. ఆ మాట మాకు చెబుతూ ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

నిజం చెప్పాలంటే నాకు ఆయన మీద జాలి కంటే చిరాకే ఎక్కువగా ఉండేది. సన్యాసం పుచ్చుకోవడానికి వచ్చిన మనిషి రోజూ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి, గ్యాస్ బుక్ చేశావా, నీళ్ళ మోటారు కట్టేశావా, పెరటి తలుపు గడియ వేశావా అని అడిగేవారు. ఆ తమ్ముడు పసివాడేం కాదు, యాభై మూడేళ్ళవాడు.

గురువుగారు నోటుపుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోరు తెరవబోయారు. సరిగ్గా అప్పుడే కింద నుంచి కేక వినిపించింది.

“పడ్డాదిరో! నల్లగా పడ్డాది! రాండర్రా!”

మా ఆశ్రమం సముద్రానికి ఎదురుగా ఇసుక మిట్ట మీద ఉంది. కింద గెడ్డవానిపాలెం. చేపల మంద ఒడ్డుకి దగ్గరగా వస్తే నీటి మీద మబ్బు నీడలాగా నల్లటి మచ్చ కనిపిస్తుంది. మూడు వారాలుగా ఆ మచ్చ కోసం పాలెమంతా కళ్ళు కాయలు కాచేలా చూస్తోంది. వేసిన ప్రతిసారీ వలలో నాచూ, ప్లాస్టిక్ కవర్లూ తప్ప ఏమీ రాలేదు. ఒడ్డు మీద నిలబడి ఊరంతా కలిసి లాగే పెద్దవల ఆ చుట్టుపక్కల ఇక అదొక్కటే మిగిలింది. ఈ వారం కూడా చేప పడకపోతే వల అమ్మేసి, తలో దారీ చూసుకుని మరపడవల మీద పనికి పోవాలని వలపెద్ద గుర్రయ్య తాత ఇంటింటికీ చెప్పి ఉన్నాడు. ఆ వల పోతే పాలెంలో ఇక అందరూ కలిసి చేసే పనంటూ ఉండదు. అదీ ఆ కేక వెనక ఉన్న కథ.

“లేవండి, లేవండి!” అంటూ గురువుగారు ఒంటి చెప్పుతో మిట్ట దిగడం మొదలుపెట్టారు. ఆయనకి డెబ్భై నాలుగేళ్ళు. మేం అందుకోలేకపోయాం. చక్రపాణి గారు వెనక నుంచి “స్వామీ, నా ప్రశ్న!” అంటూ, నోటుపుస్తకం సంచిలో కుక్కుకుంటూ, పంచె కాళ్ళకి అడ్డం పడుతుంటే పరుగెత్తుకొచ్చారు.

మేం వెళ్ళేసరికి నావ వలని నీళ్ళలో అర్ధచంద్రంలా విడిచి ఒడ్డుకి తిరిగొచ్చేసింది. వల రెండు కొసలకీ రెండు పొడుగాటి తాళ్ళు. అటు తాడు కొందరు, ఇటు తాడు కొందరు పట్టుకుని సమంగా లాగాలి. ఒక వైపు వెనకబడితే వల ఏటవాలుగా తిరిగిపోయి, చేప ఆ పక్క నుంచి జారుకుంటుంది. ఎత్తుగా ఉన్న ఇసుక దిబ్బ మీద గుర్రయ్య తాత తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. తువ్వాలు ఎటు ఊపితే ఆ వైపు వాళ్ళు వేగం పెంచాలి.

“సోమీ, ఇటేపు మనుసులు తక్కువున్నారు, ఇటు పట్టండి!” అని అరిచింది దానమ్మ. మా వైపు తాడుకి ఆవిడే పెద్ద. ఆవిడ గొంతు ముందు అలల హోరు ఎంత! గురువుగారు అప్పటికే పంచె ఎగ్గట్టి తాడు పట్టేశారు. ఆయనకి ముందు, నీళ్ళ వైపు నేను, నాకు ముందు చక్రపాణి గారు.

ఆ తాడు లాగడంలో ఒక పద్ధతుంది. నీళ్ళ దగ్గర తాడు పట్టుకుని, లాగుతూ వెనక్కి నడుస్తూ ఒడ్డు మీదకి వెళతారు. నడిచి నడిచి అందరికన్నా పైకి చేరినవాడు తాడు వదిలేస్తాడు. వదిలి, కిందకి పరుగెత్తి, నీళ్ళలోకి దిగి, అందరికంటే ముందు మళ్ళీ పట్టుకుంటాడు. పైకొచ్చిన తాడుని నూకాలనే ఏడేళ్ళ పిల్ల చుట్ట చుడుతూ ఉంటుంది. తాడు ఒకటే, మనుషులు మాత్రం తిరుగుతూనే ఉంటారు. పాలెంలో పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. బయటివాళ్ళకి చెప్పాలని ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు.

“హైలెస్సా!” అని అటు నుంచి కేక. “హైలెస్సా!” అని ఇటు నుంచి. తాడు కదిలింది. బరువు చేతికి తెలిసింది. వల ఖాళీగా లేదు! అందరికీ ఒకేసారి తెలిసింది, లాగే ఊపు రెండింతలైంది. గురువుగారు పైకి చేరారు, వదిలారు, కిందకి ఉరికారు. నేనూ చేరాను, వదిలాను, పరుగెత్తాను. నీళ్ళలో దిగి తాడు పట్టుకుని లాగుతుంటే ఏదో తేడాగా అనిపించింది. తాడు బిగుసుకుపోయింది. నా వెనక లాగుతున్నవాళ్ళు ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

తిరిగి చూస్తే, పైన చక్రపాణి గారు తాడు వదల్లేదు. వదలకపోగా మడమలు ఇసుకలో దిగేసి, తాడుని నడుముకి ఒక చుట్టు చుట్టుకుని, పళ్ళు బిగించి నిలబడ్డారు. ఇంత బరువు వస్తుంటే పట్టు వదిలి పోయేవాళ్ళని చూసి ఆయనకి మతిపోయిందట, తరువాత చెప్పారు. అందరూ వదిలేస్తున్నారు కదా, నేనైనా గట్టిగా పట్టుకోవాలి అనుకున్నారట. ఆయన వదలకపోతే వెనక్కి నడిచి వచ్చేవాళ్ళకి చోటు లేదు. వాళ్ళకి చోటు లేకపోతే ఎవరూ వదిలి కిందకి రారు. నీళ్ళ దగ్గర నేనూ, గురువుగారూ, ఇద్దరమే మిగిలాం. మా ముందు తాడు ఖాళీ.

దిబ్బ మీద గుర్రయ్య తాత తువ్వాలు మా వైపు పిచ్చిగా ఊపుతున్నాడు. అటు తాడు ముందుకెళ్ళిపోతోంది, మాది ఆగిపోయింది, వల పక్కకి తిరుగుతోంది. మా వైపు నీళ్ళలో తళుక్కున ఒక వెండి చినుకు ఎగిరింది. ఇంకొకటి. ఆ పైన గుప్పెడు.

“పోతన్నాది! సేప పోతన్నాదిరో!” గుర్రయ్య తాత గొంతు పగిలిపోయింది.

దానమ్మ ఇసుకలో పరుగున వెళ్ళి చక్రపాణి గారి ముందు నిలబడింది. “ఒగ్గీ బాబూ! ఒగ్గీ!”

“వదిలితే పోతుంది కదమ్మా!” అని అరిచారాయన. చెమటా కన్నీళ్ళూ కలిసిపోయి ముఖమంతా తడిగా ఉంది. అది తాడు గురించి మాత్రమే అన్న మాట కాదని నాకు అప్పుడే తెలిసింది. పదహారేళ్ళ కుర్రాడు తాళాల గుత్తి పట్టుకుని అరిచినట్టుంది ఆ గొంతు. నా చిరాకంతా ఎక్కడికి పోయిందో!

దానమ్మ మాత్రం జాలి పడే తీరికలో లేదు. “నువ్వొగ్గితే ఏటీ పోదు. ఇంతమందిమి పట్టుకున్నాం, అగుపడ్డం లేదా? పోయేదల్లా నువ్వు ఒగ్గకపోతేనే. నీల్లకాడ సూడు, ముందర ఎవులున్నారు? అక్కడుండాల్సింది నువ్వు!”

చక్రపాణి గారు కిందకి చూశారు. నడుము చుట్టూ ఉన్న చుట్టు విప్పారు. ఒక చెయ్యి తీశారు. రెండో చెయ్యి వేళ్ళు ఒక్కొక్కటిగా తీశారు.

తాడు జానెడు కూడా జారలేదు.

ఆయన తాడు వంక అలా చూస్తూ నిలబడిపోయారు. నలభై ఐదేళ్ళుగా తను వదిలిన మరుక్షణం కూలిపోతుందని నమ్మినదేదో కూలకుండా నిలబడి ఉండడం కళ్ళారా చూసిన మనిషి ముఖం అది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వయసు మనిషిలో అలాంటి ముఖం చూడడం అదృష్టం.

“ఏటి సూస్తన్నావు, పరుగెత్తు!” అని దానమ్మ భుజం పట్టి ఒక్క తోపు తోసింది.

పరుగెత్తారు. అరవై ఒక్కేళ్ళ చక్రపాణి గారు పంచె ఎగరేసుకుంటూ, సంచి వీపు మీద డబడబా కొట్టుకుంటుంటే, మమ్మల్నిద్దర్నీ దాటుకుని నీళ్ళలోకి దూకినంత పని చేశారు. తాడు పట్టుకునేలోపే అల వచ్చి నిలువునా ముంచేసింది. లేచారు. కళ్ళద్దాలు లేవు. నోట్లో ఉప్పునీళ్ళు. తాడు మాత్రం చేతిలో ఉంది. “హైలెస్సా!” అని ఒక్క కేక పెట్టారు చూడండి, ఆశ్రమంలో తొమ్మిది రోజులూ గొంతు పెంచని మనిషి! దిబ్బ మీద గుర్రయ్య తాత కూడా నవ్వేశాడు.

తాడు కదిలింది. వెనక్కి నడుస్తూ పైకి, వదలడం, కిందకి పరుగు, నీళ్ళు, మళ్ళీ పైకి. మూడో విడతకి ఆయన వదిలే చోటు రాగానే “వదిలా!” అని నూకాలుకి చెప్పి మరీ వదిలేవారు. ఆ పిల్ల పడీ పడీ నవ్వేది. “తాతా, ఇంకా రాలేదు, ఇంకో రెండడుగులు!” అని ఆటపట్టించేది. ఒకసారి పై నుంచి దిగుతూ ఆయనా, గురువుగారూ ఎవరు ముందు నీళ్ళు చేరతారా అని పందెం వేసుకున్నట్టు పరుగెత్తారు. గురువుగారు తొండి చేశారని నేను ప్రమాణం చేసి చెప్పగలను. చొక్కా పట్టుకుని వెనక్కి లాగారు.

నాలుగో విడతకో, ఐదో విడతకో చక్రపాణి గారి అరచేతులు చిట్లిపోయాయి. తాడు మీద ఎర్రటి మరకలు పడ్డాయి. ఆయన పైన ఒక్క క్షణం ఆగి, సంచిలో చెయ్యి పెట్టి, తడిసిపోయిన కాషాయం గుడ్డ బయటికి తీశారు. గురువుగారు కింద నీళ్ళలో ఉన్నారు, చూశారో లేదో తెలియదు. చక్రపాణి గారు అంచు పళ్ళతో కొరికి, గుడ్డని సర్రున రెండుగా చింపారు. సగం మళ్ళీ చింపి తన చేతులకి చుట్టుకున్నారు. మిగతా సగం, అప్పుడే పైకి చేరిన దానమ్మకి ఇచ్చారు. ఆవిడ చేతులు కూడా పచ్చిగానే ఉన్నాయి.

“మంచి గుడ్డ బాబూ, గట్టిగున్నాది,” అంది దానమ్మ చుట్టుకుంటూ. “ఏడ కొన్నావు?”

“ఊళ్ళోనే,” అన్నారాయన, అప్పటికే కిందకి పరుగెత్తుతూ.

ఆ తరువాత జరిగింది ఎంత చెప్పినా తక్కువే. రెండు తాళ్ళూ దగ్గరయ్యాయి. అటువాళ్ళూ ఇటువాళ్ళూ ఒక్కటయ్యారు. వల రెక్కలు ఒడ్డెక్కాయి, నీళ్ళు ఉడికినట్టు కుతకుతలాడాయి, చివరికి వల సంచి అలతో పాటు ఒడ్డు మీదకి దొర్లింది. నెత్తళ్ళు! వేలెడేసి చేపలు, గాదె తెరిచినట్టు నెత్తళ్ళు! వెండి రంగు ఎండలో కళ్ళు పొడిచేసింది. కొంత మా వైపు నుంచి జారిపోయిన మాట నిజమే, కానీ దాన్ని ఎవరూ తలుచుకోలేదు. గుర్రయ్య తాత దిబ్బ దిగి వచ్చి, వల సంచి పక్కన ఇసుకలో కూలబడి, వలని చేత్తో నిమిరాడు. “ఇంక నిన్ను అమ్మనే,” అన్నాడు. అది విన్నవాళ్ళందరూ ఒక్కసారి గోల చేశారు. నేనూ చేశాను.

తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపలో పాలు, అంటే వాటా, ఇవ్వడం అక్కడి కట్టుబాటు. దానమ్మ పళ్ళెం నిండా తెచ్చి చక్రపాణి గారి ముందు పెట్టింది. “మేం తినమమ్మా,” అన్నారాయన మొహమాటంగా. “తినకపోతే తినేవోల్లకి ఇయ్యి. పాలు మాత్రం నీదే,” అందావిడ. ఆయన పళ్ళెం అందుకుని, రెండు చేతులతో, దేవుడి ప్రసాదం ఇచ్చినంత శ్రద్ధగా నూకాలుకి ఇచ్చారు. ఆ పిల్ల పళ్ళెం నెత్తిన పెట్టుకుని ఇంటికి ఒకటే పరుగు.

అప్పుడాయన నా ఫోన్ అడిగారు. తనది సంచిలో తడిసి పాడైపోయింది. చుట్టిన వేళ్ళతో నొక్కలేకపోతే నంబరు నేనే కలిపాను.

“సుగుణా, నేనే. వేరేవాళ్ళ ఫోను. చేతులు బొబ్బలెక్కి చిట్లాయి. ఇంట్లో వెన్న ఉందా?”

అవతల నుంచి “ఏ బస్సుకి వస్తున్నారు?” అన్న మాట మాత్రం నాకు కూడా వినబడింది.

“సాయంత్రం బస్సుకి. తమ్ముడు బస్టాండుకి రానక్కర్లేదు. ఇంటి సంగతులు వాణ్ణే చూసుకోమను. నువ్వు రా. ఇద్దరం నడిచి వెళదాం.”

ఫోన్ నాకిచ్చి ఆయన సముద్రంలోకి నడిచారు, ఒంటికి పట్టిన ఇసుకా పొలుసులూ కడుక్కోవడానికి. గురువుగారు అప్పటికే అక్కడ నీళ్ళలో నిలబడి, మిగిలిన ఆ ఒంటి చెప్పుని తోముకుంటున్నారు. చక్రపాణి గారు ఆయన పక్కన నిలబడ్డారు. సంచిలో నుంచి తడిసిన నోటుపుస్తకం అంచు కనిపిస్తోంది. ఎంతైనా గడులు గీసిన మనిషి, ఉండబట్టలేకపోయారు.

“ఇంతకీ స్వామీ, నేనిప్పుడు ఎన్నో గడిలో ఉన్నట్టు?”

గురువుగారు వంగి ఆయన కాళ్ళ వంక చూశారు.

“మోకాలి లోతు నీళ్ళలో ఉన్నావు,” అన్నారు. “అదిగో, ఇంకో అల వస్తోంది. చూసుకో!”